మా ఇంట్లో 43 స్కూల్ బ్యాగులు

బెంగళూరులో వర్తూరు దాటాక, కట్టే అపార్ట్‌మెంట్ల వెనక రేకుల షెడ్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఆదోని, పాలమూరు వైపు నుంచి కూలికి వచ్చినవాళ్లు. అక్కడి పిల్లల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థకు ఆదివారాలు నేను లెక్కలు రాస్తాను. ఆ సంస్థకొచ్చిన బ్యాగుల్లో మిగిలినవే మా అటక మీదున్నవి.

మార్చి రెండో వారం రాగానే కంపెనీల నుంచి ఫోన్లు మొదలవుతాయి. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సేవకు ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. "నెలాఖరులోపు ఏం కొనగలరు మేడమ్?" అంటారు. నెలాఖరులోపు కొనగలిగేవి బ్యాగులే. ఫోటోకీ బాగుంటాయి.

మాకు కావలసింది పెద్దమ్మ జీతం. పదకొండు మంది ఆడపిల్లల్ని మూడు కిలోమీటర్ల దూరంలోని స్కూలుకు తీసుకెళ్లి, మళ్లీ తీసుకొచ్చే మనిషి ఆమె. నెలకు 12,000. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఆడవాళ్లకు బస్సు ఉచితమే, కానీ కార్డులో ఇక్కడి అడ్రసు ఉండాలి. మన పిల్లల ఆధార్‌లో ఆదోని ఉంటుంది. టికెట్ డబ్బులు మేమిస్తామన్నా ఒక తల్లి ఒప్పుకోలేదు. "ఒక్కదాన్నే ఎట్లా పంపేది మేడమ్? ఆ దోవంతా లారీలే. ఏడో తరగతి చాల్లే, తమ్ముణ్ణి చూసుకుంటాది" అంది. పెద్దమ్మ వచ్చాకే ఆ పిల్ల ఎనిమిదిలో చేరింది.

ఇదంతా ఒక కంపెనీకి దరఖాస్తులో రాస్తే, "జీతాలు అడ్మిన్ ఖర్చు కదా, మేం ఇవ్వం" అన్నారొకాయన. సేవకు పెట్టే డబ్బులో అడ్మిన్ ఖర్చు 5 శాతం దాటకూడదన్న పరిమితి కంపెనీ సొంత ఆఫీసు ఖర్చుకే. పనిలో నేరుగా ఉన్న మనిషి జీతం అందులోకి రాదు. ఆ చట్టం కింద వచ్చిన 2021 రూల్స్ తీసి చూపించాను. చదివినట్టు లేదు. ఏళ్ల తరబడి నడిచే పనైతే మిగిలిన డబ్బును విడి ఖాతాలో పెట్టి మూడేళ్ల దాకా వాడుకోవచ్చు కూడా. మార్చిలో అంత ఓపిక ఎవరికుంటుంది!

చివరికి మా ఆఫీసులో 24 మందిని నెలకు 500 చొప్పున ఒప్పించాను. కొత్త పన్ను విధానంలో విరాళాలకిచ్చే 80జి మినహాయింపు రాదని తెలిశాక కొందరు జారుకున్నారు. ఈ నెల 18 మందే వేశారు. తక్కువైన 3,000 నేను కలిపాను. పెద్దమ్మకు ఆ సంగతి తెలియదు. నిన్న ఫోన్ చేసి, మనవడికి బ్యాగేమైనా ఉందా అని అడిగింది.