గిన్నె కింద పెట్టకన్నా!

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు యెరూషలేంలోని మహానె యెహూదా మార్కెట్‌కు పోతే, సంక్రాంతి ముందు రోజు మన కూరగాయల మార్కెట్టే. రొట్టెల దగ్గర తోపులాట, చేపల దగ్గర అరుపులు, ఎవరిని చూసినా చేతికి రెండేసి సంచులు. మూడింటికల్లా అదే సందులో షట్టర్లు టపటపా పడిపోయాయి. నాలుగుంపావుకు ఊరంతా వినిపించేలా సైరన్ మోగింది. నాకు గుండె ఝల్లుమంది.

తమ్ముడు నవ్వాడు. "ఏం గాదన్నా, గది యుద్ధం సైరన్ గాదు. షబ్బాత్ వచ్చింది."

షబ్బాత్ అంటే మనం సబ్బాతు అనేదే, శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా యూదుల విశ్రాంతి దినం.

2019 జనవరి అది. మా చర్చి గ్రూపుతో బెత్లెహేం, నజరేతు, గలిలయ తిరిగి, గ్రూపు గురువారం వెనక్కి పోయాక నేను నాలుగు రోజులు ఆగిపోయాను. మా చిన్నాయన కొడుకు అక్కడే ముసలివాళ్లను చూసుకునే పనిలో ఉన్నాడు. మా నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఈ పనికి వెళ్లినవాళ్లు ఆ దేశంలో చాలామందే ఉన్నారు. వాడు చూసుకునే ముసలామెకు ఎనభై ఆరేళ్లు. వాడు ఆమెను "సావ్తా" అంటాడు, హీబ్రూలో నానమ్మ అని. నఖ్లావోత్ అనే పాత రాతి ఇళ్ల పేటలో ఆమె ఇల్లు. మీ అన్నను మా ఇంట్లోనే ఉండమను అని ఆమే పిలిచింది.

సైరన్‌కు ముందు వంటింట్లో జరిగిన హడావుడి చూడాలి. సావ్తా కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు ఆ రెండు రోజులు అక్కడే. కూతురు పొద్దున్నే పెద్ద గిన్నెలో మాంసం, బంగాళాదుంపలు, బార్లీ, చిక్కుడు గింజలు, పెంకుతోనే నాలుగు గుడ్లు వేసి పొయ్యి మీద పెట్టేసింది. సాయంత్రానికి ఆ గిన్నెను తీసి "ప్లాటా" మీద పెట్టింది. ప్లాటా అంటే రెండు జానల అల్యూమినియం పలక, దానికో వైరు. అంతే. వేడి పెంచడానికి, తగ్గించడానికి దాని మీద ఏ మీటా లేదు. ప్లగ్గులో పెడితే వేడెక్కుతుంది, శనివారం రాత్రి తీసేదాకా అదే వేడి. దాని మీద చారు గిన్నె, కోడిమాంసం ట్రే కూడా సర్దారు. పక్కన నీళ్లు కాగే పెద్ద డబ్బా. తలుపు తెరిస్తే వెలగకుండా ఫ్రిజ్‌లో లైటు మీటకు టేపు అతికించారు. సూర్యుడు మునగడానికి నలభై నిమిషాల ముందే దీపాలు వెలిగించాలట యెరూషలేంలో. వేరే చాలా ఊళ్లలో పద్దెనిమిది నిమిషాలు చాలు.

సబ్బాతు అంటే నిప్పు ముట్టుకోకూడదు, కాబట్టి చల్లటి తిండి తింటారేమో అనుకుంటూ ఎదిగినవాణ్ని నేను. నిర్గమకాండం 35వ అధ్యాయంలో విశ్రాంతి దినాన ఇళ్లలో నిప్పు రాజబెట్టకూడదని ఉంది కదా. అల్లుడు బడిలో పంతులు, ఇంగ్లీషు బాగా వచ్చు. "రాజబెట్టకూడదు అన్నాడు, ఉండకూడదు అనలేదు" అన్నాడు. ముందు రోజే రాజేసిన నిప్పు దానంతట అది మండుతుంటే తప్పు లేదు, ఆ రోజు నువ్వు చెయ్యి పెట్టకూడదు, అంతే. కారాయీయులు అనే యూదులు మాత్రం ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టుకున్నారు, నిప్పు అసలే ఉండకూడదని. పాత రోజుల్లో వాళ్లు చీకట్లో, చల్లటి అన్నంతో గడిపేవాళ్లు. దానికి పోటీగా రబ్బీల, అంటే యూదు మతగురువుల, దారిలో నడిచేవాళ్లకు సబ్బాతు రోజు వేడి కూడు తినడమే ఒక గుర్తయింది. తిననివాణ్ని అనుమానంగా చూడమని పన్నెండో శతాబ్దపు పండితుడు జెరహ్యా హలేవి రాసిపెట్టాడు కూడా. వేడి అన్నం తిననందుకు మతం తప్పినవాడనిపించుకోవడం నేనెక్కడా వినలేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం.

రాత్రి భోజనం, పాటలు అయ్యాయి. చారు, చేప, కోడి అన్నీ తిన్నాం. అప్పుడు కూతురు, ఆ పెద్ద గిన్నెలోది కొంచెం రుచి చూద్దురు అని లేచింది. అసలు అది మర్నాటి మధ్యాహ్నానికి. రాత్రే రుచి చూడటం చాలా ఇళ్లలో సరదా అట. గిన్నె ప్లాటా మీద ఉండగా గరిటె పెట్టకూడదు, కలిపితే వండినట్టే. అందుకని ఆమె రెండు చేతులతో గిన్నె పైకెత్తింది. ఒక చేత్తో గిన్నెను నడుముకు ఆనించుకుని, ఇంకో చేత్తో వడ్డిస్తోంది. ఐదారు కిలోల గిన్నె. చెయ్యి వణుకుతోంది. మన పద్ధతిలో పెరిగినవాడు చూస్తూ ఊరుకుంటాడా? లేచి, "ఇటివ్వమ్మా" అని గిన్నె అందుకుని, బల్ల మీద చోటు లేక కింద బండల మీద పెట్టేశాను.

"అన్నా, గిన్నె కింద పెట్టకన్నా!" తమ్ముడి కేక అయిపోయేసరికే పెట్టడమూ అయిపోయింది.

ఇల్లంతా ఒక్క క్షణం బొమ్మల్లా నిలబడిపోయారు. తర్వాత సావ్తా పకపకా నవ్వింది. నాకు మాత్రం ముఖం మాడిపోయింది.

సంగతేమిటంటే, సబ్బాతు రోజు పొయ్యి మీద నుంచి దించిన గిన్నెను మళ్లీ ఎక్కించడానికి షరతులున్నాయి. వంట పూర్తిగా ఉడికి ఉండాలి, వేడి తగ్గకూడదు, దించేటప్పుడే మళ్లీ పెడతాననే ఆలోచన ఉండాలి, వాళ్లింటి ఆచారంలో గిన్నె చేతిలోంచి వదలకూడదు. నేల మీద పెడితే ఇక అది తిరిగి ఎక్కదు. చేతిలో ఉన్నంతసేపు ఆ గిన్నె ఇంకా పొయ్యి మీద ఉన్నట్టే లెక్క. కింద పెడితే, మళ్లీ పెట్టడం కొత్తగా వంట మొదలుపెట్టినట్టు. నా మర్యాదతో మర్నాటి భోజనం నేల పాలయింది. నిజంగానే.

"ఇతను పెడితేనో?" అని తమ్ముణ్ని చూపించి అడిగాను. వాడు యూదుడు కాదు కదా. "గట్ల గాదన్నా. నాతోని చెప్పి చేపిచ్చుకోరు. ఆమె కోసం నేను పెట్టినా ఆమె తినది. పాణం మీదికొస్తే మాత్రం అన్నీ పక్కకే. రెండేండ్ల కింద షబ్బాత్ నాడే అంబులెన్స్ పిలిచిన, అప్పుడు ఎవ్వరూ ఏమనలే."

అల్లుడు కాసేపు గడ్డం గోక్కున్నాడు. దుప్పట్లు కప్పి వెచ్చగా ఉంచుదామంటే, సబ్బాతు మొదలయ్యాక గిన్నెను కప్పి వేడి నిలపడం కూడా కూడదు. కానీ ఒక సందు ఉంది. వేరే గిన్నెలోకి మారిస్తే కప్పొచ్చు! మార్చడంలోనే కూర కొంత చల్లారుతుంది, చల్లార్చుకున్నవాడు మళ్లీ నిప్పు దగ్గరికి పోడులే అన్న ధీమా. అట్లాగే చేశారు. ఇంకో పాత్రలోకి ఒంపి, రెండు ఉన్ని దుప్పట్లు, ఒక పాత కోటు చుట్టి మంచం మీద పడుకోబెట్టారు. చంటిబిడ్డను పడుకోబెట్టినట్టే.

ఆ దుప్పట్లు చుట్టేటప్పుడే అల్లుడు పాత కథ మొదలుపెట్టాడు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల నాటి మిష్నా అనే ధర్మగ్రంథంలో ఒక అధ్యాయం మొత్తం ఇదే గొడవ, వేడి గిన్నెను దేనిలో పూడ్చిపెట్టొచ్చు, దేనిలో పెట్టకూడదు అని. నూనె తీసిన ఆలివ్ పిప్పి, పేడ, ఉప్పు, సున్నం, ఇసుక కూడదు. అవి వేడిని పెంచుతాయి. బట్టలు, ధాన్యం, పావురం ఈకలు, వడ్రంగి రంపపు పొట్టు ఫర్వాలేదు. అవి ఉన్న వేడిని కాపాడతాయి, కొత్తగా పుట్టించవు. వేడి పెంచేదానిలో అయితే ముందు రోజు కూడా పూడ్చకూడదు. ఎందుకంటే దానికి అలవాటు పడినవాడు రేపు నిప్పుల్లోనే పూడుస్తాడు, నిప్పుల్లో పూడిస్తే రాత్రి ఒకసారి కెలక్కుండా ఉండలేడు. పొయ్యి మీద వదిలేసే వంటకూ ఇదే భయం. అందుకే నిప్పులు ఊడ్చెయ్యాలి, లేదంటే వాటి మీద బూడిద చల్లాలి. బూడిద చల్లినవాడికి, ఇక దీన్ని ముట్టుకోను అని తనకు తానే చెప్పుకున్నట్టు.

నివురు గప్పిన నిప్పు! మనం దాన్ని కోపానికి వాడుకుంటాం, వీళ్లు దాన్నొక చట్టం చేసుకున్నారు. తర్వాత గ్యాసు పొయ్యిలు వచ్చాక నివురు స్థానంలో పలచటి రేకు వచ్చింది, మంటనూ మీటలనూ కప్పేసేలా. దాన్ని ఐరోపా యూదుల భాష యిద్దిష్‌లో "బ్లెఖ్" అంటారు. దాని తర్వాత మీటలే లేని ప్లాటా.

పూర్తిగా ఉడకనిది పొయ్యి మీద వదిలేస్తే త్వరగా ఉడకాలని కెలుకుతారు కదా, మరి ఎంత ఉడికితే చాలు అనే చర్చలో బెన్ ద్రుసాయ్ అనే దొంగ వస్తాడు. పట్టుబడతానేమోనన్న తొందరలో సగం ఉడికిందే తినేసేవాడట. మూడో వంతే అని కొందరు పండితులు. "బెన్ ద్రుసాయ్ తినేంత" అనేది ఒక కొలతగా నిలిచిపోయింది. ధర్మశాస్త్రంలో దొంగ పేరున కొలత!

మర్నాడు పొద్దున చాయ్ తాగడమే ఒక తతంగం. నీళ్ల డబ్బాలోంచి ముందు ఒక ఖాళీ కప్పులోకి పట్టారు. అందులోంచి ఇంకో కప్పులోకి ఒంపారు. అప్పుడు నిన్న సీసాలో పెట్టుకున్న డికాషన్ పోశారు. చాయ్‌పత్తా మీద నేరుగా వేడి నీళ్లు పోస్తే అది వంటే. పొయ్యి నుంచి వచ్చిన గిన్నెకు వండే శక్తి ఉంది, అందులోంచి ఒంపుకున్న రెండో కప్పుకు అది తగ్గిపోతుంది, మూడోదానికి ఇంకా తగ్గుతుంది. చెయ్యి తగిలితే చటుక్కున వెనక్కి లాగేసుకునేంత వేడి అసలు హద్దు. ఆ హద్దుకు పాత గ్రంథంలో గుర్తు, పసిబిడ్డ పొట్ట కాలేంత అని. ఇప్పుడు చాలామంది 45 డిగ్రీల దగ్గర గీత గీస్తారు. నాకు దక్కిన చాయ్ మాత్రం ఆ గీతకు చాలా కిందే ఉంది.

మధ్యాహ్నం గుడి నుంచి అందరూ వచ్చాక దుప్పట్లు విప్పారు. గోరువెచ్చగా ఉంది. పొగలు లేవు గానీ మాంసం నోట్లో వేసుకుంటే వెన్నలా విడిపోయింది. బార్లీ, గింజలు కలిసిపోయి కాస్త మన హలీమ్ వాలకం, మసాలా తక్కువ. గుడ్లు పెంకు తీస్తే లోపల ఇటుక రంగు. మాకు జరిగింది ఎట్లా తెలిసిందో గానీ పై అంతస్తు ఆమె తన ప్లాటా మీది పళ్లెం ఒకటి పంపింది, అది మాత్రం పొగలు కక్కుతోంది.

ఈ వంటకాన్ని ఐరోపా నుంచి వచ్చినవాళ్లు "చోలెంట్" అంటారు, మిగతావాళ్లు ఎక్కువగా "హమీన్". హీబ్రూలో హమ్ అంటే వేడి. మొరాకో వాళ్లది "దఫీనా". ఆ మాట వినగానే నేను తలెత్తాను. మన హైదరాబాదులో దఫన్ చెయ్యడం అంటే పూడ్చిపెట్టడం కదా. అదే అరబ్బీ మాట, నిప్పుల్లో పూడ్చిన కుండ. స్పెయిన్‌లో యూదుల్ని 1492లో తరిమేశాక, పైకి క్రైస్తవులుగా మారి మిగిలిపోయినవాళ్లను పట్టుకోవడానికి శనివారం కుండే సాక్ష్యంగా పనికొచ్చింది. ఆ కూర వండారని పనిమనుషులు, పక్కింటివాళ్లు మతవిచారణ కోర్టుల్లో చెప్పిన సాక్ష్యాలు రాతపూర్వకంగా ఉన్నాయి. ఈ ముక్క విన్నాక కాసేపు బల్ల దగ్గర ఎవరం మాట్లాడలేదు. సావ్తానే ఇంకో గుడ్డు నా పళ్లెంలో వేసింది.

మూడు రోజుల ముందు మా బస్సు తిబెరియ ఊరు దాటింది. వేడి నీటి బుగ్గల పక్కన నాలుగో శతాబ్దపు యూదుల సమాజమందిరం నేల మీద రాశిచక్రం చూపించి గైడు మమ్మల్ని తోలుకుపోయాడు. అసలు కథ ఇక్కడ అల్లుడు చెప్పాడు. ఆ ఊరివాళ్లు తెలివిగా చన్నీళ్ల గొట్టాన్ని ఆ వేడి కాలువ గుండా లాగారట. నిప్పు లేదు, మనం కాచలేదు, నీళ్లు వాటంతట అవే వేడెక్కుతున్నాయి అని. పండితులు ఒప్పుకోలేదు. అవి సబ్బాతు రోజు కాచిన నీళ్ల కిందే లెక్క అన్నారు. నాకైతే ఇప్పటికీ తిబెరియ వాళ్లదే న్యాయం అనిపిస్తుంది.

ఊరికే ఉండలేక నేను మా నానమ్మ దాలి సంగతి చెప్పాను. గుంటలో పిడకలు రాజేసి, పాలకుండ పెట్టి వదిలేస్తే పొద్దుగూకే దాకా సన్నగా కాగి మీగడ ఎర్రగా కట్టేది, మధ్యలో ఎవరం ముట్టుకునేవాళ్లం కాదు అని. తమ్ముడు హీబ్రూలో చెప్తుంటే సావ్తా కళ్లు మెరిశాయి. ఇక మొదలైంది వాదన. పిడకలంటే పేడ, పేడ వేడి పెంచుతుంది, కూడదు అంది కూతురు. అది పూడిస్తే కదా, పైన పెడితే పొయ్యే అన్నాడు అల్లుడు. ముగ్గురూ నావైపు తిరిగారు. కుండ పిడకల పైన కూర్చుంటుందా, మెడ దాకా వాటిలో మునుగుతుందా? నాకు గుర్తు లేదు. ఆ పాల రుచి గుర్తుంది గానీ కుండ ఎట్లా కూర్చుందో ఎవడు చూశాడు!

సాయంత్రం ఆకాశంలో మూడు చుక్కలు కనిపించాక ద్రాక్షారసం, సుగంధాలు, దీపంతో సబ్బాతును సాగనంపారు. కూతురు ప్లాటా ప్లగ్గు పీకింది. తమ్ముడు వెంటనే స్టవ్ వెలిగించి పాలు, అల్లం వేసి నిజమైన చాయ్ పెట్టాడు. నేను ఫోన్ తీశాను. మా ఊళ్లో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. స్పీకర్ పెట్టమంది సావ్తా.

"కింద పిడకలుంటయి, పైన కుండుంటది. చుట్టూ కప్పితే నిప్పు చల్లారదా?" అంది అమ్మ.

"మరి నివురు?"

"నివురు గాకపోతే పాలు పొంగిపోవా? పైన బూడిద చల్లినంకనే మీ నానమ్మ కుండ పెట్టేది."

తమ్ముడు హీబ్రూలో చెప్పడం పూర్తి కాకముందే అల్లుడు బల్ల మీద చరిచాడు. సావ్తా రెండు చేతులూ పైకెత్తి ఏదో అంది. నానమ్మ పాసయింది అన్నాడు తమ్ముడు.

ఫోన్‌లో అమ్మ ఇంకా లైన్లోనే ఉంది. "అంత దూరం యెరూషలేం పోయి పిడకల ముచ్చట అడుగుతున్నవేందిరా? తిన్నవా?"