జంకస్ మొక్క చేతికందే వరకు: నా అనుభవం

జంకస్ ఎఫ్యూసస్ అనే నీటి మొక్కను పెంచడంలో పెద్ద కష్టమేమీ లేదు. కష్టమంతా అసలైన జంకస్‌ను సంపాదించడంలోనే ఉంది. నా కుండీలో అది ఈ వారమే పూసింది. పూవును భూతద్దం కింద చూసి నిర్ధారించుకున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఈ మొక్క మీద నాకు మక్కువ కలగడానికి దాని కాడే కారణం. చిత్తడి నేలల్లోనూ చెరువుల అంచుల్లోనూ గుబురుగా పెరిగే దీనికి విడిగా ఆకులంటూ కనిపించవు. అడుగున గోధుమరంగు తొడుగులు మాత్రమే ఉండి, నున్నని, గుండ్రని పచ్చని కాడలే ఆకుల పని చేస్తాయి. జపాన్‌లో తతామీ చాపల పైపొరను దీని సాగురకం కాడలతో నేస్తారు. పూర్వం యూరప్‌లోని పేద కుటుంబాలు ఈ కాడను ఒలిచి, లోపలి మెత్తని దవ్వ విరగకుండా పైతొక్కలో ఒక సన్నని పట్టీ మాత్రం ఉంచి, కరిగిన కొవ్వులో నానబెట్టి దీపంగా వెలిగించుకునేవారు.

ఒక నర్సరీలో జంకస్ అని చీటీ కట్టిన మొక్కను కొన్నాను. కాడను వేళ్ల మధ్య దొర్లించి చూస్తే మూడు అంచులు స్పష్టంగా తగిలాయి. అది తుంగ జాతిది. తిరిగి తీసుకెళ్తే, యజమాని పదిమంది ముందు "గడ్డి ఏదైతేనేమండీ, నీళ్లలో బతుకుతోందిగా" అని నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. మొక్కలు అమ్మి బతికేవాడికి మొక్క పేరు మీద అంత చులకన ఉండటం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. మరొకచోట గుండ్రని కాడ ఉన్న మొక్క దొరికింది. పూగుత్తి కూడా జంకస్‌లో లాగే కాడ పక్కనుంచి పొడుచుకు వచ్చినట్టుంది. దానిని పట్టుకుని ఒక వృక్షశాస్త్ర విభాగానికి వెళ్తే, అర్జీ పెట్టమన్నారు, అర్జీ పెడితే నొక్కి ఆరబెట్టిన నమూనా తెమ్మన్నారు, అది తీసుకెళ్తే సంబంధిత వ్యక్తి సెలవులో ఉన్నారన్నారు. మొక్క వైపు కన్నెత్తి చూసినవారు ఒక్కరూ లేరు.

చివరికి నీటి మొక్కలు పెంచే ఒక పెద్దాయన ఆ చిక్కు విప్పారు. తుంగ కుటుంబంలో స్కీనోప్లెక్టస్ వంటి వాటికి కూడా కాడ గుండ్రంగానే ఉంటుంది, పూగుత్తి పక్కకు వచ్చినట్టే కనిపిస్తుంది. ఎందుకంటే రెండింటిలోనూ పూగుత్తి కింది పుచ్ఛం, అంటే పూగుత్తిని అంటిపెట్టుకుని ఉండే ఆకు వంటి భాగం, కాడకు కొనసాగింపుగా నిటారుగా పైకి సాగుతుంది. కాబట్టి కాడను చూసి తీర్పు చెప్పకూడదు, పూవును విప్పి చూడాలి. జంకస్ పూవు ఎంత చిన్నదైనా దానికి రెండు వరుసల్లో ఆరు రేకులుంటాయి, కాయ మూడుగా పగిలి లోపల ధూళి వంటి గింజలు అనేకం కనిపిస్తాయి. తుంగ పూవుకు అటువంటి రేకులుండవు. ఒక్కొక్క పొలుసు చాటున ఒక్కొక్క పూవు దాగి ఉంటుంది, కాయలో ఒకే గింజ ఉంటుంది. నేను మోసుకు తిరిగినది తుంగేనని నిమిషంలో తేలిపోయింది. జంకస్‌లోనే మరో జాతి అయిన ఇన్‌ఫ్లెక్సస్‌ను వేరు చేయడానికి ఆయన కాడను నిలువునా చీల్చి చూపించారు: ఎఫ్యూసస్‌లో దవ్వ తెగకుండా సాగుతుంది, ఇన్‌ఫ్లెక్సస్‌లో గదులు గదులుగా విడిపోయి ఉంటుంది. ఆయన వేరుతో విడదీసి ఇచ్చిన పిలకే ఇప్పుడు నా దగ్గర పూసింది.

బంకమట్టిలో నాటి, కుండీ అడుగును ఎప్పుడూ నీటిలో ఉంచి, ఎండ తగిలేలా పెట్టాను; అంతకుమించి ఏమీ చేయలేదు. గింజలు చల్లేవారు వాటిపై మట్టి కప్పవద్దు, మొలకెత్తడానికి వెలుతురు కావాలి. కొనేవారు మాత్రం పూత లేని మొక్కను ఎంత నమ్మకంగా చెప్పినా కొనవద్దు. పచ్చిక బయళ్ల దగ్గర ఉండేవారు కాయలు పగలకముందే గుత్తులను కోసేయాలి. తడిసిన గింజలు జిగురుగా మారి పశువుల కాళ్లకు అంటుకుని వ్యాపిస్తాయి, మట్టిలో ఏళ్ల తరబడి ప్రాణంతో ఉంటాయి.