నాన్న అట్లాస్ సైకిల్: ఎడమ పెడల్ ఇంకా టక్కుమంటూనే ఉంది

ఎడమ కాటర్ పిన్ను (పెడల్ ఉండే క్రాంకు కడ్డీని మధ్య ఇరుసుకి బిగించే వాలు మేకు) మళ్లీ వదులైంది. వీధి చివరి వరకూ గట్టిగానే ఉంది. కాలువ వంతెన ఎక్కుతుంటే బరువు పడగానే టక్కుమంది. చాలా చిరాగ్గా ఉంది.

పోస్ట్‌మ్యాన్‌గా రిటైరయ్యేదాకా నాన్న బీటు తిరిగింది ఈ సైకిల్ మీదే. సాయంత్రం సంచీ దించి, వాలీబాల్ నెట్టు హ్యాండిల్‌కి చుట్టి, నన్ను ముందు కడ్డీ మీద, చెల్లిని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని గ్రౌండుకి తీసుకెళ్లేవారు. ఆయన పోయాక దీన్ని పాత ఇనుముకి వేయడానికి అమ్మా నేనూ ఒప్పుకోలేదు.

పిన్ను సంగతి. 9.5 మి.మీ. అని అమ్మింది కాలిపర్‌తో కొలిస్తే 9.35. అసలైన 9.5 తెచ్చి వేసినా అదే టక్కు. క్రాంకు రంధ్రం కొలిచాను: ఒకవైపు 9.55, అడ్డంగా 9.8, అంటే కోలగా సాగింది. పిన్ను చదును ముఖానికి మార్కర్ పూసి, బిగించి, తీసి చూస్తే కింది అంచున 4 మి.మీ. మేరే సిరా చెరిగింది. పిన్ను వాలు ఇరుసు చదునుతో కలవట్లేదన్నమాట. ఆకురాయితో రుద్ది, సిరా నిండా చెరిగేదాకా తెచ్చాను. ఇప్పుడు పిన్ను మరీ లోతుకి దిగుతోంది, నట్టు కింద రెండు వాషర్లు వేయాల్సి వచ్చింది, పైగా ఎడమ పెడల్ కుడిదానికి సరిగ్గా ఎదురుగా ఉండట్లేదు.

నా అనుమానం ఇరుసు మీద. ఎడమవైపు పిన్ను ఆనే చదునులో గుంట వేలికి తెలుస్తోంది, కుడివైపు నున్నగా ఉంది. నాన్న ఎడమ కాలు పెడల్ మీద ఉంచి, కుడికాలితో నేలని తన్నుకుంటూ ఎక్కేవారు. గడపగడపకీ దిగడం, మళ్లీ ఎక్కడం. ఒళ్లంతా మోసింది ఆ ఒక్క పెడలే. ఆ గుంట అలా పడిందేనని నా నమ్మకం.

వెల్డింగ్ పెట్టించమన్నారు కొందరు. పెట్టించను. ఆ తర్వాత దాన్ని విప్పడం ఉండదు. బిగిసిన పిన్నుకి డబ్ల్యూడీ-40 స్ప్రే కంటే రాత్రంతా డీజిల్ పట్టించడమే మేలు.

బ్రేకు కడ్డీలు కుదిరాయి. మడ్‌గార్డు మీద నాన్న అంటించిన 1982 ఆసియాడ్ గుర్తు అప్పూ ఏనుగు స్టిక్కర్ చెక్కుచెదరలేదు. అట్లాస్ సోనీపత్‌లో మొదలైంది 1951లో, ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగిందీ అదే ఏడాది. నాన్న ఈ మాట గర్వంగా చెప్పేవారు. 2020లో సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆగాక అసలు స్పేర్లు దొరకడం కష్టమైంది. లగ్గుల (ఫ్రేము గొట్టాలని కలిపే తొడుగుల) పనితనం మాత్రం ఇప్పటికీ నాకు ఇదే నచ్చుతుంది.

కొత్త ఇరుసు కోసం పాతదాని పొడవు, దాని బేరింగ్ కప్పుల మధ్య దూరం రాసుకున్నాను. పాతది నూనె రాసి దాస్తాను. తర్వాత వెనక చక్రం: 40 పుల్లలు, రిమ్ము అతుకు దగ్గర 2 మి.మీ. ఎత్తు. సంక్రాంతి వాలీబాల్ పోటీలకి చెల్లి కొడుకుని ముందు కడ్డీ మీద ఎక్కించుకుని వెళ్లాలి. వాడి కోసం చిన్న సీటు కూడా చూడాలి.