108కి నిధులంటే బండి ఒక్కటే కాదు

అంబులెన్సుకు నిధులు అనగానే అందరి లెక్కా కొత్త బండ్ల దగ్గరే ఆగిపోతుంది. 2020 జూలై 1న విజయవాడలో 108 అంబులెన్సులు, ఊళ్లకొచ్చి వైద్యం చేసే 104 బండ్లు కలిపి వెయ్యికి పైగా ఒకేసారి రోడ్డెక్కాయి, చాలా మంచి పని. అసలు ఖర్చు ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది.

ఒక బండి రాత్రింబవళ్లు తిరగాలంటే షిఫ్టుకో పైలట్ (డ్రైవరు), దారిలో రోగికి అత్యవసర చికిత్స చేసే ఓ ఈఎంటీ, సెలవులకు రిలీవర్లు: కనీసం ఐదారు జీతాలు. ఆపైన డీజిలు, టైర్లు, ఆక్సిజన్. బండిలో పెట్టే బి-టైప్ ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉంటే అందులో ఉండేది దాదాపు 1,500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే రెండున్నర గంటల్లో ఖాళీ. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళమే వంద కిలోమీటర్లు దాటుతుంది, అక్కడి డాక్టర్లు విశాఖలోని పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌కి రాసి పంపితే మరో వంద. గేజ్ చూడకుండా, స్పేర్ సిలిండర్ లేకుండా కదలకూడదు.

అలా రిఫరల్ మీద, అంటే రోగిని పెద్దాసుపత్రికి చేర్చడానికి, వెళ్లిన బండి సగం రోజు ఆ మండలానికి లేనట్టే. కవిటి మండలం బండి అలా వెళ్లినప్పుడు అక్కడ ఎవరికైనా గుండెనొప్పి వస్తే పక్క మండలం బండి కోసం చూడాలి. అందుకే మా శ్రీకాకుళం జిల్లాకి జనాభా లెక్కన బండ్లు పంచడం తప్పంటాను. దూరం చూడాలి, ఆసుపత్రుల మధ్య తిరగడానికి వేరే బండి పెట్టాలి.

విజయనగరం వైపు శృంగవరపుకోట కొండల్లో ఇంకా కష్టం. బండి కిందే ఆగుతుంది, మనిషి డోలీలో దిగాలి. అక్కడ రోడ్డు ఖర్చునీ అంబులెన్సు పద్దులోనే చూడాలి. రోడ్డు పడేదాకా, నెలలు నిండకముందే గర్భిణుల్ని కిందికి తెచ్చి ఉంచే వసతికి డబ్బివ్వండి.