సున్నపుకాయలో రాయి

పెళ్ళికని కొనుక్కున్న నల్ల ప్యాంటు మీద తెల్లటి పొడి రాలింది. బస్సు తిరుపతి బస్టాండు దాటి పది నిమిషాలు కూడా కాలేదు.

అప్పటికే నా మనసు బాగాలేదు. తాండూరులో రాయలసీమ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా పై బెర్తులో ముడుచుకుని పడుకున్నాను. దర్శనం సంగతి రాయను, క్యూ కాంప్లెక్సు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? కొండ దిగాక బొటనవేలంత గ్లాసులో టీకి 20 రూపాయలు గుంజారు. చిత్తూరులో పాత సహోద్యోగి కూతురి పెళ్ళి. ఎలాగో ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ సీటు దొరికిందని సంబరపడేలోపు పక్కన ఒక అవ్వ కూర్చుంది. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుంది, దాన్ని మడిచి వక్కాకు సంచిలో పెట్టింది, అదే సంచిలోంచి ఇత్తడి సున్నపుకాయ తీసి పిన్నీసుతో గీకడం మొదలెట్టింది. ఆ గీకుడుకి లేచిన పొడే నా ప్యాంటు మీద పడింది.

"కొంచెం చూసుకో అవ్వా" అన్నాను, కాస్త విసుగ్గానే.

"ఏం జేసేది నాయినా, ఆర్నెల్లు మద్రాసులో కొడుకు దగ్గరుండి వస్తిని. కోడలు దీన్ని మూత తెరిచి పెట్టేసుండాది. రాయైపొయ్యింది."

"ఎండిపోయి ఉంటుంది. నీళ్ళు పోసి నానబెడితే సరి."

అవ్వ నన్ను జాలిగా చూసింది. "ఎండిపోతే నీళ్ళకి మెత్తబడతాది. ఇది ఎండలా. రాయైపొయ్యింది. గాలి తగిలితే సున్నం రాయైపోతాది, అది గూడా తెలీదా?"

ఆ మాటతో నా నోరు మూతపడింది. ఎందుకంటే నేను ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో 22 ఏళ్ళుగా పని చేస్తున్నాను. తెలియాల్సిన వాళ్ళలో మొదటి వాణ్ణి నేనే.

మా పని రాయిని కాల్చడం. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా చిమ్నీలోంచి పైకి పోతుంది. బొగ్గు మండినందుకు వచ్చే పొగ లెక్క వేరే. అవ్వ కాయలో జరిగింది దీనికి సరిగ్గా తిరుగుదారి. నీళ్ళు కలిసిన సున్నం, గాలిలో ఉన్న అదే వాయువును ఆరు నెలలపాటు మెల్లమెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయి అయింది. బట్టీలో గంటలో వదిలిన దాన్ని, మూత తీసిన డబ్బా తిరిగి పట్టుకుంది.

అవ్వ పుట్టింటివాళ్ళకు పాకాల దగ్గర సున్నపు బట్టీ ఉండేదట. రాళ్ళు ఏరడం, కట్టెలు పేర్చడం, కాలిన సున్నాన్ని తొట్టిలో పోసి పైన నాలుగు వేళ్ళ మందాన నీళ్ళు నిలపడం, అన్నీ చెప్పింది. "ఆ నీళ్ళు ఎందుకంటావు? గాలికి అడ్డం." మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు ఈ ముక్క చెప్పడానికి నేను బోర్డు మీద మూడు సమీకరణాలు రాస్తాను.

నాకూ ఉత్సాహం వచ్చింది. ఆ వాయువు పేరు చెప్పబోతే, చిన్నప్పుడు బడిలో చదువుకున్న మాట నోటికి వచ్చేసింది: బొగ్గుపులుసు వాయువు.

"బొగ్గుతో పులుసా!" అని అవ్వ నవ్విన నవ్వుకి ముందు సీటు వాళ్ళు కూడా వెనక్కి తిరిగారు.

ఇక చంద్రగిరి దాటేదాకా నా ఉపన్యాసమే. ఐస్‌లాండ్‌లో హెల్లిషెయ్ది అని భూమిలోని వేడితో కరెంటు తీసే కేంద్రం ఉంది. అక్కడ కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టు వాళ్ళు 2012లో ఈ వాయువును నీళ్ళలో కలిపి, సోడాలాగా చేసి, నేల కిందున్న బసాల్టు అనే నల్లరాతిలోకి పంపారు. ఆ పులుపుకి రాయి కాస్త కరిగి, లోపలి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము బయటికొచ్చి, వాయువుతో కలిసి మళ్ళీ గట్టి ఖనిజంగా రాతి సందుల్లో పేరుకుంది. వందల ఏళ్ళు పడుతుందనుకున్నారు. 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 95 శాతానికి పైగా రెండేళ్ళలోపే రాయి అయిపోయింది. పరిశీలన బావిలో పంపు ఆగిపోతే పైకి లాగి చూశారట, దాని నిండా తెల్లటి కాల్సైటు, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజమే, పట్టేసి ఉంది.

"అవ్వా, మీ కోడలు మూత పెట్టక చేసిన పనిని వాళ్ళు కోట్లు ఖర్చు పెట్టి చేస్తున్నారు."

ఈ మాట అవ్వకు బాగా నచ్చింది. కోడలికి చెప్పనంటే చెప్పనంది.

"నీళ్ళు ఎన్ని గావాల?" అని అడిగింది తర్వాత. అందరూ ఖర్చెంత అని అడుగుతారు, ఈమె నీళ్ళ గురించి అడిగింది. ఒక టన్ను వాయువుకు దాదాపు 25 టన్నుల నీళ్ళు అన్నాను.

"అన్ని నీళ్ళే ఉంటే మేము చెనక్కాయ ఏసుకుంటాము గానీ, పొగకి పోస్తామా?"

నా దగ్గర జవాబు లేదు. పాకాల క్రాసు దగ్గర దిగిపోతూ, గీకిన ముక్కల్లో పెద్దదాన్ని వక్కాకులో చుట్టి నా చేతిలో పెట్టింది. "రాళ్ళ పని జేసేవోడివి గదా, పెట్టుకో."

ఆమె దిగిపోయాక కిటికీలోంచి దూరంగా గుట్ట నడుమ నల్లటి బండల వరస కనిపించింది. తెల్లటి గ్రానైటును చీల్చుకుని గోడ కట్టినట్టు సాగుతుంది. డోలరైట్ అంటారు, సమాధులకీ వంటింటి గట్లకీ కోసి అమ్మే నల్ల గ్రానైటు అదే. ఐస్‌లాండ్ బసాల్టుకు వరసకు అన్నదమ్ముడు. అప్పుడు గుర్తొచ్చింది అవ్వకు చెప్పాల్సిన జవాబు: ఇలాంటి నల్లరాతి పొడిని పొలంలో చల్లితే వాన నీరే ఆ పని చేస్తుంది, పంపు అక్కర్లేదు. మన దేశంలో చిన్న రైతుల పొలాల్లో బసాల్టు పొడి చల్లే మాటి కార్బన్ అనే సంస్థకు 2025లో, గాలిలోంచి ఈ వాయువును తీసే పద్ధతులకు పెట్టిన ఎక్స్‌ప్రైజ్ పోటీలో మొదటి బహుమతిగా 5 కోట్ల డాలర్లు వచ్చాయి. అయితే అందులో ఎక్కువ వాయువు అక్కడికక్కడే రాయి కాదు, నీళ్ళలో కరిగి వాగుల వెంట సముద్రానికి పోతుంది. ఈ తిరకాసు చెప్పినా అవ్వ ఏదో ఒకటి అడిగి నన్ను ఇరికించేదే.

మా వికారాబాద్ వైపు నేల చాలావరకు ఆ నల్లరాయే. దక్కన్ లావా, 6.6 కోట్ల ఏళ్ళ నాటిది, 5 లక్షల చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. ఇక్కడ శేషాచలం కొండలు చూస్తే పైన క్వార్ట్‌జైటు, కింద గ్రానైటు. ఘాట్ రోడ్డు పక్కన ఆ రెండూ కలిసే గీతను చూడ్డానికి భూగర్భ శాస్త్రజ్ఞులు వస్తారు, కానీ ఈ వాయువును పట్టడానికి కావాల్సిన కాల్షియం వాటిలో పెద్దగా లేదు. ఆ కావాల్సిన రాయి మీద కూర్చుని, పక్కనున్న సున్నపురాయిని తవ్వి కాలుస్తున్నది మేము.

పెళ్ళి బాగా జరిగింది. సాంబారు మాత్రం అరవ సాంబారే.

తిరుగు ప్రయాణంలో చంద్రగిరిలో దిగాను. రోడ్డు నుంచి కోట దాకా ఆటోకి 150 అడిగాడు, నడిచాను. రాజమహల్లో కలప లేదు, రాయి, ఇటుక, సున్నం అంతే. ఇదివరకు రెండుసార్లు చూశాను, రెండుసార్లూ విగ్రహాలే చూశాను. ఈసారి గోడలే చూశాను. మా వైపు డంగు సున్నం అంటాం, గానుగలో ఎద్దులతో రుబ్బించి కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపి వాడేవారు. విజయనగర రాజుల నాడు బట్టీలోంచి పోయిన వాయువులో చాలా భాగం ఈ గోడల్లోకి తిరిగొచ్చి ఉంటుంది. కట్టెల పొగ మాత్రం ఈ గోడలకు తిరిగి రాలేదు, అందుకే సున్నంతో లెక్క ఎప్పుడూ పూర్తిగా సరిపోదు. నల్లరాయి గొప్పతనం అక్కడే, దాని కాల్షియం కోసం ఎవరూ ఏదీ కాల్చక్కర్లేదు. ఒక చోట పెచ్చు ఊడిన పూతను వేలితో తడిమాను. వాచ్‌మన్ "సార్" అని గట్టిగా అరిచాడు.

ఇంటికొచ్చిన మూడో రోజు అవ్వ ఇచ్చిన ముక్కలో సగం ల్యాబుకు పట్టుకెళ్ళాను. నూరి, ఆరబెట్టి, ఒక గ్రాము క్రూసిబుల్లో వేసి 950 డిగ్రీల కొలిమిలో పెట్టాను. రోజూ చేసే పరీక్షే. ఉత్త సున్నమే అయితే నీళ్ళు పోయి 24 శాతం బరువు తగ్గాలి, పూర్తిగా రాయి అయి ఉంటే 44 శాతం. 41 వచ్చింది. అంటే నూటికి 85 పాళ్ళు రాయే, అవ్వ చెప్పింది నిజం. కొలిమి మూసేశాక తట్టింది, కోడలు పుణ్యాన ఆరు నెలల్లో పట్టుకున్న వాయువును నేను గంటలో మళ్ళీ గాలికి వదిలేశానని.

మిగతా సగం ఇంట్లో, ఎండిపోయిన తమలపాకులోనే ఉంది. వక్కాకు ఎప్పటి నుంచి మొదలెట్టావని మా ఆవిడ అడిగింది.