గ్యాస్ ముట్టుకోవాలంటే కార్డు ఉండాలి

గూడూరు నుంచి చెన్నై వచ్చి పదకొండేళ్ళయింది, అప్పట్నుంచీ ఏసీ పనే. ఐటీఐలో మెకానిక్ రిఫ్రిజిరేషన్ అండ్ ఏసీ ట్రేడు రెండేళ్ళు చదివి ఆ సర్టిఫికెట్ లామినేషన్ చేయించి పెట్టుకున్నా, ఇన్నేళ్ళలో ఏదీ చూపించు అన్న కస్టమర్ ఒక్కరు కూడా లేరు. ఏసీలో గ్యాస్ ఫిల్లింగ్ ఎంత, ఎంత తగ్గిస్తావ్, అంతే అడిగేది.

మా చిన్నాయన కొడుకు డల్లాస్‌లో ఇదే పని చేస్తాడు. ఆదివారం ఫోన్ చేస్తే "అబ్బాయా, ఇక్కడ ఏసీ గ్యాస్ సిలిండర్ కొనాలన్నా కార్డు చూపించాల్రా" అన్నాడు. ఆ కార్డుని ఈపీఏ 608 అంటారంట, ఈపీఏ అంటే అమెరికా పర్యావరణ సంస్థ, 1994 నుంచీ ఉంది, గ్యాస్ లైను విప్పే ప్రతి మెకానిక్కీ ఉండాల్సిందే. పరీక్షలో నాలుగు భాగాలు, ఒక్కోదాంట్లో 25 ప్రశ్నలు, 18 కరెక్టయితే పాస్, నాలుగూ పాసైతే యూనివర్సల్, అంటే అన్ని రకాల మిషన్లకీ చెల్లే కార్డు. గ్యాస్ కావాలని గాల్లోకి వదిలితే నేరం. సొంతంగా కాంట్రాక్టు చెయ్యాలంటే ఇది చాలదు, టెక్సస్ స్టేట్ లైసెన్సు వేరే తీసుకోవాలి, దానికి లైసెన్సున్న కాంట్రాక్టర్ కింద 48 నెలలు పని చేసుండాలి, అదీ గడిచిన 72 నెలల్లోపు, ఆ తర్వాత పరీక్ష, ఇన్సూరెన్సు. క్లాస్ బి అయితే కూలింగు 25 టన్నుల దాకానే, అంతకంటే పెద్ద మిషను ముట్టుకోవాలంటే క్లాస్ ఎ. ఏటా రెన్యువల్‌కి 8 గంటల క్లాసు పూర్తి చెయ్యాలి. మా అన్న ఇంకా ఆ నెలలు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఇవన్నీ వింటుంటే నాకు పోయిన అగ్నినక్షత్రం, అదే మే నెల మండుటెండల రోజులే గుర్తొచ్చాయి. వేళచ్చేరిలో ఒక ఇంట్లో ఏసీ షిఫ్టింగ్, అంటే ఊడదీసి వేరే చోట పెట్టే పని, వేరే షాపు కుర్రాడు చేస్తున్నాడు, నేను పక్క ఫ్లాట్‌లో ఉన్నా. షిఫ్టింగ్ అంటే పంప్ డౌన్ చెయ్యాలి, అంటే గ్యాస్ లోపలి యూనిట్‌కి పోయే లిక్విడ్ వాల్వ్ మూసి కంప్రెసర్ నడిపి గ్యాసంతా అవుట్‌డోర్‌లోకి లాగి, ఒత్తిడి చూపించే గేజ్ ముల్లు కిందికొస్తూనే గ్యాస్ తిరిగొచ్చే సక్షన్ వాల్వ్ కూడా మూసి మిషను ఆపెయ్యాలి. వీడు గేజే పెట్టలేదు, కంప్రెసర్ నడుస్తుండగానే పైపు బిగించే ఫ్లేర్ నట్ విప్పేశాడు. పైపులోంచి గాలి లాక్కుంది, లోపల గాలీ ఆయిలూ కలిసి ఒత్తిడికి డీజిల్ ఇంజన్లో లాగా అంటుకుంది. ఆ శబ్దానికి కిందున్న వాచ్‌మెన్ పరిగెత్తుకొచ్చాడు. కుర్రాడి చెయ్యి మోచేతి దాకా కాలింది, కళ్ళు దక్కాయి దేవుడి దయ. పని నేర్చుకుని ఎన్నాళ్ళయింది తమ్ముడూ అని ఆటోలో అడిగితే రెండు నెలలు అన్నాడు. వాడి తప్పు అని నేనెప్పటికీ అనను. గేజ్ ఎందుకు పెట్టాలో చెప్పకుండా ఒంటరిగా ఎండలో బాల్కనీ ఎక్కించినోళ్ళది తప్పు.

మన దగ్గర కరెంటు పనికి లైసెన్సుంది, ఇక్కడే గిండీలో ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఉంది, వైర్‌మెన్ అన్నా కాంట్రాక్టర్ అన్నా కాగితం ఉండాలి. ఏసీ గ్యాసుకి మాత్రం అట్లాంటి కార్డేం లేదు. 2019లో కేంద్రం కూలింగ్ యాక్షన్ ప్లాన్ తెచ్చి లక్ష మంది మెకానిక్కులకి ట్రైనింగు, సర్టిఫికెట్ అంది, మంచిదే, కానీ అది లేకుండా పని చెయ్యకూడదు అనే మాట లేకపోతే ఎవరు పోతారు? పైగా ఇప్పుడు ఇళ్ళల్లోకి వచ్చేది ఎక్కువగా ఆర్-32 గ్యాసు, కొంచెం మండే రకం, పాత ఆర్-22 లాగా కాదు. పైపుల్లో గాలీ తేమా లాగేసే వాక్యూమ్ పంపు పెట్టకుండా, లీకు చూడకుండా గ్యాస్ కొట్టేసి పోయేవాడు నాకంటే ఐదొందలు తక్కువ చెప్తాడు, పని వాడికే పోతుంది. కార్డు పెడితే తమ పొట్ట కొడతారని మా వాళ్ళు కొందరు భయపడతారు, నాకు మాత్రం పెట్టాలనే ఉంది, ఫీజు తక్కువగా పెట్టి, పరీక్ష తెలుగులో తమిళంలో కూడా పెట్టి, ఇన్నేళ్ళు పని చేసినోళ్ళ అనుభవాన్ని లెక్కలో తీసుకుని.

నా హెల్పర్ సూళ్ళూరుపేట పిల్లోడు, పదో తరగతితో ఆపేశాడు. అన్న పంపించిన 608 మోడల్ ప్రశ్నలు రాత్రిళ్ళు అన్నం తిన్నాక నేను తెలుగులో చెప్తుంటే వాడు జవాబులు చెప్తున్నాడు. నిన్న 25కి 16 వచ్చాయి. ఇంకో రెండు కావాలి అని ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నాడు.