కట్టు విప్పాక మొదలైంది అసలు పని

పెరట్లో పాచి మీద కాలు జారి, కుడిచెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. అది విప్పితే బాగైపోయినట్టే అనుకున్నా. విప్పిన రోజు చూస్తే చర్మం పొట్టు రాలుతూ, ముంజేయి సన్నబడి, వేళ్లు వాచి ఉన్నాయి. పిడికిలి బిగియలేదు. నేను కుట్టుమిషన్ మీద బతికే మనిషిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎముక అతుక్కుందని ఎక్స్‌రే చూసి డాక్టరు ఫిజియోథెరపీ రాశారు. మా కోవూరు నుంచి పెన్న దాటి నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటకు తిరగడం కష్టమనిపించి, మా వీధిలో పసిబిడ్డలకు నీళ్లు పోసే అవ్వను పిలిచాను. గోరువెచ్చని నువ్వులనూనెతో రుద్దుతుంటే ప్రాణం లేచొచ్చేది. గంట గడిస్తే మళ్లీ కొయ్యే. విరిగిన చోటే గట్టిగా నొక్కడంతో పదో రోజుకు వాపు పెరిగింది. డాక్టరును అడగకుండా రుద్దించుకోవడం నా తప్పే.

అప్పుడు వెళ్లాను పొగతోటకు. ఫిజియో అమ్మాయి అరచెయ్యి పైకి తిప్పమంది. సగం కూడా తిరగలేదు. అంతకుముందు శనివారం రంగనాయకులస్వామి గుళ్లో తీర్థం చేతిలో నిలవక జారిపోయింది ఇందుకే అని అప్పుడు అర్థమైంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మర్దన మానొద్దు ఆంటీ. కానీ అది అవగానే వ్యాయామం చెయ్యాలి. కండ మెత్తబడిన ఆ కాసేపే మనకు పనికొచ్చేది" అంది. అవ్వను కూడా వెంట తీసుకురమ్మంది.

అక్కడ కరిగిన మైనంలో చెయ్యి ముంచి తీస్తుంటే పొర మీద పొర తొడుగులా పేరుకునేది. టవల్ చుట్టి 15 నిమిషాలు ఉంచి ఒలిచేస్తే చెయ్యి వెచ్చగా, మెత్తగా ఉండేది. తర్వాత ఆ అమ్మాయి అవ్వ బొటనవేలు పట్టుకుని చూపించింది: వేళ్ల కొసల నుంచి మోచేతి వైపు, వాపును పైకి తోస్తున్నట్టు. మణికట్టు దగ్గర తేలిగ్గా, ముంజేతి కండ మీద కాస్త బలంగా. "బిడ్డకు రుద్దినట్టేగా తల్లీ" అంది అవ్వ. రెండోసారికే చెయ్యి తిరిగింది ఆమెకు.

ఆ వెంటనే వ్యాయామం. నమస్కారంలా అరచేతులు కలిపి, విడిపోకుండా కిందికి దించాలి. మోచెయ్యి నడుముకు ఆనించి, గరిటె పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. మోచెయ్యి పక్కకు జరిగితే భుజం ఆ పని చేసేస్తుంది, మణికట్టుకు ఏమీ అందదు. నేను చాలా రోజులు ఇక్కడే పొరపాటు చేశాను. చేసేటప్పుడు లాగినట్టుంటే పర్వాలేదు, మర్నాటికీ వాపు, నొప్పి ఉంటే తగ్గించమంది. చర్మం మెరుస్తూ రంగు మారి, తాకితేనే మంట పుడితే రుద్దకుండా డాక్టరుకు చూపించమంది. మోచేతికి దెబ్బ తగిలితే మాత్రం రుద్దనే వద్దంది, కండలో ఎముక పెరిగే ప్రమాదం ఉందట. మన ఊళ్లలో దెబ్బ తగలగానే నూనె గిన్నె తెస్తారు, అందుకే రాస్తున్నా.

ఇప్పుడు నాలుగో నెల. పోయిన శనివారం తీర్థం చుక్క జారకుండా పట్టాను. జాకెట్లు కుడుతున్నా. లైనింగ్‌తో కలిపి నాలుగు మడతలు కత్తిరించేటప్పుడు బొటనవేలి కింద ఇంకా లాగుతుంది. అలాంటి సాయంత్రం అవ్వ వస్తుంది. "ఏం అమ్మణ్ణీ, పని ఎక్కువైందా?" అంటూ నూనె రాస్తుంది. రుద్దడం అయ్యాక వంటింట్లోకి వెళ్లి గరిటె తనే తెచ్చి చేతిలో పెడుతుంది.